దాచకుండా గీసిన వంశవృక్షం

మా పెద్దముడియం పక్క పెండ్లి సంబంధం కుదరాలంటే జాతకాల కన్నా ముందు ఒక ఆరా తీస్తారు. ఆ ఇంటివాళ్లను నేరుగా అడగరు. ఆ ఇంటిని ఎరిగినవాళ్లను పొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పట్టుకుని, గొంతు తగ్గించి, "వాళ్లింట్లో ఎవురికన్నా మతి సరిగ్గా ల్యాకుండా ఉండాదా?" అంటారు. ఔనన్న మాట ఒక్క నోట వచ్చినా ఆ సంబంధం తప్పిపోయినట్టే. అందుకే మా ఇళ్లల్లో ఈ ప్రశ్నకు తరతరాలుగా ఒకటే జవాబు: లేదు.

ఇదే ప్రశ్న మా తమ్ముడిని తీసుకుని బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌కు పోయినప్పుడు ఒక కుర్ర డాక్టరమ్మ అడిగింది. చేతిలో తెల్లకాగితం, పెన్సిలు పెట్టుకుని అడిగింది. జవాబు రాసుకోకుండా వైద్యం మొదలుపెట్టనని కూడా చెప్పింది.

నేను జమ్మలమడుగులో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. మెండెల్ బఠానీ మొక్కలను ఏటా పదో తరగతి పిల్లలకు బోర్డు మీద గీసి చూపిస్తాను. పొడుగు, పొట్టి, మూడుకు ఒకటి. మా ఇంటి జబ్బు, బైపోలార్, ఆ లెక్కకు లొంగదు. ఎందుకు లొంగదో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా కుటుంబాల వెంట తిరుగుతున్నారు. తమ్ముడు ఇదంతా రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

ముందు మా చిన్నాయన సంగతి చెప్పాలి. 1970ల మాట. ఆయనకప్పుడు పాతికేళ్లు. ఉన్నట్టుండి నిద్ర మానేశాడు. అలసట అన్నదే లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు ఇంటిల్లిపాదినీ లేపి, కుందూ మీద తానే ఆనకట్ట కట్టిస్తానని, ఈ నల్లరేగడి అంతా వరి పండిస్తానని చెప్పేవాడట. ఒక మాట పూర్తికాక ముందే ఇంకో మాట అందుకునేవాడు. పత్తి అమ్మిన డబ్బంతా తీసుకుపోయి పొద్దుటూరు బంగారు అంగళ్లలో కమ్మలు, ఉంగరాలు కొని, దారి పొడుగునా కనపడిన ఆడబిడ్డలకు పంచుకుంటూ వచ్చినాడు. ఊరు మొదట ధర్మాత్ముడన్నది. తర్వాత గాలి సోకిందన్నది. గుళ్లు, దర్గాలు అన్నీ తిప్పినారు. రెండు నెలలకు ఆ జోరంతా దిగిపోయి మనిషి గోడకు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకడు, పెడితే తినడు.

బైపోలార్ అంటే ఇదే. పొద్దున సంతోషం, సాయంత్రం దిగులు అందరికీ ఉండేదే. దాన్ని బైపోలార్ అనరు. ఇందులో ఉద్రేకం కనీసం వారం, చాలాసార్లు నెలల తరబడి నడుస్తుంది. కుంగుబాటు కనీసం రెండు వారాలు, ఒక్కోసారి ఏడాది. మధ్యలో మనిషి మామూలుగా ఉంటాడు, సేద్యం చేస్తాడు, పిల్లల ఫీజులు కడతాడు. ఈ మధ్య కాలం చూసే చాలామంది జబ్బు లేదనుకుంటారు. 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 200 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకసారి దీని బారిన పడుతున్నారు. వాళ్లలో 70 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. తెలుగు రాష్ట్రాలు రెండూ వాటిలో లేవు.

చిన్నాయనను చివరికి బెంగళూరులో చూపించినారు. లిథియం అనే మందు రాసినారు. ఆయన దాన్ని వదలకుండా వేసుకున్నాడు, మళ్లీ ఆ జోరు రాలేదు, ముప్పై ఏళ్లు సేద్యం చేసుకుని బతికినాడు. బయటివాళ్లకే కాదు, ఇంట్లో పిల్లలకు కూడా అది బీపీ మాత్ర అని చెప్పినారు. నేను అట్లాగే నమ్ముతూ పెరిగినాను.

మా తమ్ముడికి 2003లో ఇరవై రెండేళ్లప్పుడు కుంగుబాటు వచ్చింది. దగ్గర టౌనులో ఒక డాక్టరుకు చూపిస్తే ఆయన సరైన ప్రశ్నే అడిగినాడు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. మా జేజి, అంటే నాయనమ్మ, పక్కనే కూర్చుని, "మా ఇంట్లో అట్లాంటిది ల్యాదు సామీ" అన్నది. ఆమెకు ఇంకా పెండ్లి కావలసిన మనవరాళ్లు ఉన్నారు మరి. డాక్టరు మామూలు కుంగుబాటనుకుని దానికి వాడే మందు ఒక్కటే రాసినాడు. బైపోలార్ ఉన్నవాళ్లకు ఆ మందు ఒంటరిగా ఇస్తే కొందరిలో ఉద్రేకం ఎగదన్నుతుంది. కొన్ని వారాలకు తమ్ముడు నిద్ర మాని, బండి వేసుకుని పులివెందుల దాకా రాత్రిళ్లు తిరగడం మొదలుపెట్టినాడు. ఆ ఒక్క అబద్ధం ఖరీదు తమ్ముడి డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఒక చెయ్యి విరగడం, అర ఎకరా విలువ చేసే అప్పు. మా జేజిని నేను తప్పు పట్టను. ఆమె చేత ఆ అబద్ధం ఆడించిన ఆ పెండ్లి ఆరాల మీదే నా కోపమంతా.

అట్లా, పొద్దుటూరు నుంచి పులివెందుల, కదిరి మీదుగా పోయే రాత్రి బస్సు ఎక్కి నిమ్హాన్స్ చేరినాం.

డాక్టరమ్మ కాగితం మీద మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న గీసింది. పోయినవాళ్ల మీద ఏటవాలు గీత. జబ్బున్నవాళ్ల గడి నల్లగా నింపుతారు. భార్యాభర్తలను ఒక అడ్డగీతతో కలుపుతారు, వాళ్లిద్దరూ రక్తసంబంధీకులైతే జంట గీత గీస్తారు. మా జేజినాయన సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. మా మేనత్తను ఆమె మేనమామ కొడుక్కు ఇచ్చినారు. నేను ఒక్కొక్కరినీ చెప్పే కొద్దీ విడిపోవాల్సిన గీతలు మళ్లీ వచ్చి కలుసుకున్నాయి. ఆమె ఒక చోట ఆగి, కాగితం అడ్డంగా తిప్పి, మళ్లీ మొదటి నుంచి గీసింది. చిన్నాయన దగ్గరికి వచ్చేసరికి మా నాయన గొంతు సవరించుకుని, "వానికి బీపీ కాదు తల్లీ" అన్నాడు. ఆ గడి నల్లబడింది. లిథియం అని పక్కన రాసుకుంది.

మిగతావాళ్ల సంగతి ఊర్లో పెద్దవాళ్లను అడిగి రమ్మన్నారు. ఊరికి పోయి జేజి ముందు కూర్చున్నాను. ఆమె చింతపండులో గింజలు తీస్తా ఉంది. చాలాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత ఆమే మొదలుపెట్టింది. "మా పెద్దమామ సన్నాసుల్లో కలిసిపోయినాడని చెప్పుకుంటాం గదా అమ్మీ. మూడు రాత్రులు కంటి మీద కునుకు ల్యాకుండా పాటలు పాడినాడు. నాలుగో నాడు ఇల్లిడిసి పోయినాడు. మళ్లీ రాల్యా." ఇంకాసేపటికి, "మా చిన్నత్త కాలు జారి బాయిలో పడల్యా అమ్మీ" అన్నది. కాగితం మీద ఆ రెండు గడులు నల్లగా నింపలేదు. చూసిన డాక్టరు లేడు కాబట్టి ప్రశ్నార్థకాలు పెట్టినారు.

ఇట్లాంటి కాగితాలతోనే ఈ అన్వేషణ నడిచింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆమిష్ అనే క్రైస్తవ రైతు సమాజం ఉంది. ఈనాటికీ గుర్రబ్బండ్ల మీదే తిరుగుతారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెండ్లి చేసుకుంటూ, వంశావళి పుస్తకాలు శ్రద్ధగా రాసుకుంటూ వచ్చినవాళ్లు. మద్యం, మత్తుమందులు అరుదు కాబట్టి ఉద్రేకం వస్తే అది మత్తు వల్లా జబ్బు వల్లా అన్న తికమక తక్కువ. జానిస్ ఎగలాండ్ అనే పరిశోధకురాలు 1970ల నుంచి వాళ్ల మధ్య పనిచేసింది. ఆత్మహత్యలు జరిగిన ఇళ్లలో పెద్దలు ఆమెతో అది రక్తంలోనే ఉందని చెప్పేవాళ్లట. నోరు విప్పిన తర్వాత మా జేజి కూడా అదే మాట అనేది.

1987లో ఆమె బృందం నేచర్ పత్రికలో ఒక ప్రకటన చేసింది. ఒక పెద్ద ఆమిష్ కుటుంబంలో 81 మందిని పరీక్షిస్తే, 11వ క్రోమోజోము చివర ఒక భాగం జబ్బుతో పాటే తరం నుంచి తరానికి దిగుతున్నట్టు కనిపించింది. బైపోలార్ జన్యువు చిక్కిందని ప్రపంచమంతా సంబరపడింది. రెండేళ్లకే, 1989లో, అదే పత్రికలో ఆ ఫలితం నిలబడలేదని రాయాల్సి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నారని రాసుకున్నవాళ్లలో ఇద్దరు ఆ తర్వాత జబ్బుపడ్డారు. కుటుంబంలోని ఇంకో కొమ్మను కలిపి లెక్కిస్తే ఆ సంబంధం కాస్తా మాయమైంది. ఇద్దరి గడులు తెలుపు నుంచి నలుపుకు మారితే అంత పెద్ద లెక్క కూలిపోయింది. మా ఇంట్లో దాచిపెట్టిన గడులు ఎన్నో తలుచుకుంటే ఈ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

మన దగ్గర ఈ పని గట్టిగా మొదలైంది 2016లో. నిమ్హాన్స్, జాతీయ జీవశాస్త్ర కేంద్రం, ఇన్‌స్టెమ్ అనే మూడు బెంగళూరు సంస్థలు కలిసి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, ప్రతీక్ష ట్రస్టుల సాయంతో ఒక పెద్ద కార్యక్రమం చేపట్టాయి. బైపోలార్, స్కిజోఫ్రెనియా, అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, మద్యం వంటి వ్యసనాలు, అల్జీమర్స్ అనే అయిదు జబ్బుల్లో ఏదైనా ఒకరికి మించి ఉన్న కుటుంబాలను వెతికి, జబ్బున్నవాళ్లనూ లేనివాళ్లనూ పరీక్షిస్తారు. రక్తం నుంచి డీఎన్ఏ తీస్తారు. అంతటితో ఆగరు. ఆ రక్తకణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి ప్రయోగశాలలో మెదడు కణాలను పెంచుతారు. బతికున్న మనిషి మెదడు నుంచి ముక్క తీయలేం కాబట్టి ఇదొక దారి. డాక్టర్ సంజీవ్ జైన్, డాక్టర్ బిజు విశ్వనాథ్ వంటివాళ్లు ఏళ్ల తరబడి దీని మీదే ఉన్నారు. తర్వాత రోహిణి నీలేకని దాతృత్వ సంస్థ ఇచ్చిన 100 కోట్ల రూపాయలతో 2023లో మెదడు, మనసుల కేంద్రం ఒకటి ఏర్పడి ఈ పనిని కొనసాగిస్తోంది.

2019లో ఈ బృందం ప్రచురించిన ఒక ఫలితం నాకు అన్నిటికన్నా ముఖ్యం. తీవ్ర మానసిక జబ్బులు ఒకరికి మించి ఉన్న 8 కుటుంబాల నుంచి 32 మంది జన్యువుల్లో ప్రొటీన్లను తయారుచేసే భాగాన్ని మొత్తం చదివినారు. హాని చేయగల అరుదైన మార్పులు 42 దొరికాయి. ఒక కుటుంబంలో దొరికినది ఇంకో కుటుంబంలో దొరకలేదు. ఒక్కటి కూడా. దాదాపు సగం మాత్రం, మెదడు జబ్బులతో సంబంధం ఉందని అంతకుముందే తెలిసిన జన్యువుల్లో ఉన్నాయి.

అంటే ఒక ఇంటి కథ ఇంకో ఇంటికి అతకదు. మరి జనం మొత్తాన్ని చూస్తే ఏం కనిపిస్తుంది? 2025 జనవరిలో నేచర్‌లో వచ్చిన అధ్యయనం 1,58,000 మందికి పైగా బైపోలార్ రోగులను, 28 లక్షల మంది ఇతరులను పోల్చి, జన్యుపటంలో 298 చోట్లకు ఈ జబ్బుతో సంబంధం ఉందని తేల్చింది. ఒక్కొక్కటి చేసే పని పిసరంత. అవి జబ్బు లేనివాళ్లందరిలోనూ కొన్ని కొన్ని ఉంటాయి, పెండ్లికి ముందు ఆరా తీసే పెద్దమనిషిలోనూ ఉంటాయి. కుందూ పొంగేది ఏ ఒక్క వంకతోనో కాదు. నంద్యాల పైనుంచి దిగే వంకలన్నీ కలవాలి, ఆ పైన వాన పడాలి. కొన్ని ఇళ్లల్లో అరుదైన పెద్ద మార్పు ఒకటి తోడై ప్రవాహం ఇంకా పెరుగుతుంది. ఏకేఏపీ11 అనే జన్యువులో అట్లాంటి మార్పులను 2022లో గుర్తించారు. ఇక వాన అంటే నిద్ర చెడడం, కాన్పు, చావు దుఃఖం, గంజాయి. మా తమ్ముడికి రెండోసారి ఉద్రేకం వచ్చింది రాత్రి కరెంటు కోసం మోటరు దగ్గర వరసగా జాగారం చేసిన రోజుల్లో.

ఆ 298 చోట్లు కనిపెట్టిన రక్తం యూరప్ మూలాలవాళ్లది, తూర్పు ఆసియావాళ్లది, ఆఫ్రికన్ అమెరికన్లది, లాటినోలది. మనవాళ్లు ఒక గుంపుగా అందులో లేరు. అక్కడ తయారైన ముప్పు అంచనాలు మన ఒంటికి సరిగ్గా నప్పవు. అదే 2025 జనవరిలో జీనోమ్ ఇండియా కార్యక్రమం 10,000 మంది భారతీయుల జన్యుపటాలను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఇప్పుడన్నా మొదలైందని సంతోషించాను.

మన జనాన్ని విడిగా చూడడం ఎందుకంత అవసరమో చెప్పడానికి పొద్దుటూరే సాక్ష్యం. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ నుంచి తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్, వాళ్ల సహచరులు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు, ఆమిష్ తరహా అధ్యయనాలకు పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజల కన్నా, అష్కెనాజీ యూదుల కన్నా బలంగా కొద్దిమంది పూర్వీకుల ముద్ర మోస్తున్నాయి. పొద్దుటూరులోనూ ఉండే మన ఆర్యవైశ్యులను వాళ్లు ఉదాహరణగా చెప్పారు. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును విరిచే ఎంజైము కొందరికి ఉండదు. ఆ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ల కన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ. మానసిక వైద్యంలో కరెంటు చికిత్సకు ముందు వాడేదీ ఆ మందే. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతాడు, ప్రాణం నిలుస్తుంది. ఇందులో ఎవరికీ తక్కువతనం లేదు. తెలుసుకున్నవాడికి మేలే జరిగింది.

మేనరికం మాట తప్పకుండా అడుగుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెండ్లిళ్లు రక్తసంబంధాల్లోనే జరుగుతున్నాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బులకు మేనరికం దారి తెరుస్తుంది, ఇందులో అనుమానం లేదు. బైపోలార్ అట్లా సూటిగా దిగే జబ్బు కాదు. ఈజిప్టులో 2009లో వచ్చిన ఒక అధ్యయనం బైపోలార్ ఉన్నవాళ్ల తల్లిదండ్రుల్లో రక్తసంబంధాలు ఎక్కువని చూపింది. దాని ఆధారంగా మా జేజినాయన పెండ్లిని దోషిగా నిలబెట్టను. అయితే జబ్బు ఇప్పటికే ఉన్న కుటుంబంలో మళ్లీ అదే కుటుంబానికి పిల్లనిస్తే బరువు రెండు వైపుల నుంచీ వస్తుందని నా విద్యార్థులకు చెప్తున్నాను, మా ఇంట్లో అయితే ఆ పద్ధతే ఆపించాను.

శాతాలు కూడా సూటిగా చెప్పుకోవాలి. మామూలు జనంలో నూటికి ఒకరు, ఆ లోపే. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డల్లో నూటికి అయిదు నుంచి పది మందికి రావచ్చు. అంటే కనీసం తొంభై మందికి రాదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం నూటికి నలభై నుంచి డెబ్బై దాకా చెబుతారు. అన్ని జన్యువులూ ఒకటే అయినా నూటికి నూరు కాదు. రక్తం చూసి ఈ పిల్లకు బైపోలార్ వస్తుంది, ఈ పిల్లవాడికి రాదు అని చెప్పే పరీక్ష ఈ రోజుకు ఎక్కడా లేదు. ఉందని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు.

మరి ఈ కాగితం వల్ల ఈ రోజుకు ఏం ఒరిగింది? తమ్ముడికి లిథియం దొరికింది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉద్రేకం మీద దీని శక్తిని కనిపెట్టినాడు. అందరికీ ఒకేలా పనిచేయదు. 2002లో పాల్ గ్రాఫ్ బృందం, లిథియం బాగా పనిచేసిన రోగుల బంధువుల్లో జబ్బున్నవాళ్లను చూస్తే వాళ్లలో మూడింట రెండు వంతుల మందికి అదే మందు బాగా పనిచేసిందని చూపింది. వేరేవాళ్లలో ఆ లెక్క మూడో వంతు. 2015లో అమెరికాలోని సాక్ సంస్థ రోగుల కణాల నుంచి పెంచిన మెదడు కణాలు మామూలువాటి కన్నా ఎక్కువగా ఉద్రేకపడుతున్నాయని చూసింది. లిథియం వాటిలో కొన్నిటినే శాంతింపజేసింది, అవి ఎవరికి లిథియం పనిచేసిందో వాళ్ల కణాలు. చిన్నాయన గడి పక్కన రాసిన ఆ ఒక్క మాట చూసే డాక్టరమ్మ తమ్ముడికి వేరే మందులతో కాలయాపన చేయలేదు. అతను ఇప్పుడు సొంత ట్రాక్టరు నడుపుకుంటున్నాడు. పొద్దుటూరు ల్యాబులో, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోక ముందే రక్తం ఇచ్చి లిథియం పాళ్లు చూపించుకుంటాడు. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా. మా కడప ఎండల్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. నడుము నొప్పికి అంగట్లో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలతోనూ అంతే. చేతులు బాగా వణికినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా ఆ రోజే డాక్టరును కలవాలి.

ఈ మధ్య మా మేనత్త మనవరాలికి ఇంటర్ చదువుతుండగా కుంగుబాటు వచ్చింది. డాక్టరు నోరు తెరవక ముందే అత్త సంచిలోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఆయన దాన్ని చూసి కుంగుబాటు మందు ఒక్కటే రాయకుండా, ఉద్రేకం రాకుండా చూసే మందు కూడా కలిపి ఇచ్చినాడు. పిల్లకు నిద్ర తగ్గినా అలసట లేకుండా తిరుగుతుంటే, అదీ వరసగా రెండు రాత్రులు అట్లా జరిగితే, మూడో రోజు దాకా ఆగకుండా ఫోన్ చేయమన్నాడు. డాక్టరు దూరమున్నవాళ్లు ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. అక్కడా ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగొచ్చు. ఉంటే ఎవరికి, ఏ వయసులో, ఏ మందు పనిచేసిందో చెప్పండి.